బంతి పల్లమెరుగు

మా మైదానం ఏటవాలు.
పై స్తంభాల దగ్గర నిలబడితే
కింది స్తంభాల వెనక సముద్రం
వేలెడు మందాన కనిపిస్తుంది.
నీరు పల్లమెరుగు.
ట్రెవోలన్‌లో బంతి కూడా ఎరుగు.
నిజం మాత్రం ఎలకలు కొట్టగా మిగిలిన
ఈ మినిట్స్ పుస్తకం ఎరగాలి.

మొదటి పేజీ. పద్దెనిమిది వందల ఎనభై ఆరు, నవంబరు.
తగరపు గనిలోంచి పైకొచ్చిన పదిహేడు మంది
సారాకొట్టు వెనకగదిలో
తలా ఆరు పెన్నీలు వేసుకున్నారు.
"ఒక బంతి. నాలుగు దుంగలు.
ఆదివారం ఆడమని పాస్టరుగారికి మాట."
అంతే రాశాడు జేబెజ్ కార్కీక్.
పక్కన అతని బొటనవేలు ఇంకా ఎర్రగా ఉంది.
సిరా వెలిసింది, గనిమట్టి వెలవలేదు.

జెర్సీలు నలుపు.
అందులో గొప్ప ఆలోచనేం లేదు,
మురికి కనబడదని.
ఉతికిందెవరో పుస్తకంలో లేదు.
మా ముత్తవ్వ కాబట్టి నాకు తెలుసు,
మార్జిన్‌లో పెన్సిల్‌తో నేనే రాశాను:
థొమసీన్. ముప్ఫై ఒక్క చలికాలాలు.

పంతొమ్మిది వందల పదకొండులో తగరం ధర పడిపోయింది.
ఆ ఏడు స్క్రమ్ మొత్తం ఓడెక్కింది,
ఎనిమిది మందీ ఒకేసారి,
దక్షిణాఫ్రికా బంగారు గనులకి.
వాళ్ళలో ఒకడు రాసిన ఉత్తరం ఇక్కడ అంటించారు:
"ఇక్కడ మైదానం బల్లపరుపు.
బంతి ఎటు పోతుందో
బొత్తిగా తెలియడం లేదు."

ఇరవై ఏడు, ఫిబ్రవరి, పెన్వారో జట్టుతో ఆట.
టచ్‌లైన్ పక్కన నేల నోరు తెరిచింది,
ఎవరూ ఎరగని పాత గనిబావి.
బంతి అందులోకి దొర్లిపోయింది.
హెడ్లీ స్పార్గో బోర్లా పడుకుని చెవి ఒగ్గాడు.
చప్పుడు రాలేదు.
రిఫరీ కాసేపు ఆలోచించి
లైనవుట్ ఇచ్చాడు.
"కొత్త బంతి కొనాలి, కంచె వెయ్యాలి" అని తీర్మానం.
బంతి ఆ వారమే కొన్నారు.
కంచె ఊసు మళ్ళీ ముప్ఫై నాలుగులో గాని లేదు.

యుద్ధం వచ్చిన ఆరేళ్ళూ ఆట లేదు.
ఖాళీ పేజీల నిండా బంగాళాదుంపల లెక్క,
మైదానం దున్ని పండించినవి.
పై సగంలో దిగుబడి తక్కువట.
మళ్ళీ గడ్డి పరిచాక కూడా
చాళ్ళు పోలేదు. వాన పడితే ఇప్పటికీ తేలతాయి.

తొంభై ఆరు.
గని మూతపడిన వసంతం దాటి నాలుగు నెలలకి
ఆటకి డబ్బొచ్చింది.
గెలిస్తే నలభై పౌండ్లు, ఓడితే పాతిక.
బతకడానికి చాలదు, ఊరికే ఆడామనడానికీ లేదు.
హుకర్ తెల్లారి నాలుగింటికి చేపల వేలంలో ఉండాలి,
ఫుల్‌బ్యాక్ ప్లంబరు, శనివారం ఫోను ఎత్తడు.
మొదటి కవరు అందుకుని
మెరిక్ నాన్స్‌కివెల్ తలుపుచాటున లెక్కపెట్టుకున్నాడు.
ఇరవై రెండేళ్ళు ఆ చొక్కానే తొడుక్కుని
పైసా ముట్టని వాళ్ళ నాన్న
బార్‌లో గ్లాసులు కడుగుతూ మొహం తిప్పుకున్నాడు.
ఆ సిగ్గు ఎవరిదో నేను రాయలేదు.
కార్యదర్శిగా అది నా మొదటి సమావేశం.
"చెల్లింపులు: ఆరు వందలు" అని రాశాను.

తర్వాత ఫిజీ నుంచి అపెనిసా వచ్చాడు,
వారానికి అరవై పౌండ్లు, ఐసు ఫ్యాక్టరీలో ఉద్యోగం.
మొదటి రోజు పల్లం చూసి నవ్వాడు,
మా ఊరిది ఇంకా నయం, నదిలోకే జారుతుందన్నాడు.
ఇప్పుడు వాళ్ళమ్మాయి లూసియానా ఆడుతుంది.
ఎగువకి పరిగెత్తడమే ఇష్టమట దానికి.
దిగువకి ఎవరైనా పరిగెడతారట.

నిన్న ఓడాం, పంతొమ్మిది, ఇరవై.
రెండో సగం పల్లం వాళ్ళకి పడింది.
పైకప్పు కారుతోంది, లీగ్‌లో కిందనుంచి రెండో చోటు.

మధ్యాహ్నం కంపెనీ కుర్రాడొచ్చాడు.
పాత గని మళ్ళీ తెరుస్తారట, ఈసారి లిథియం.
పలక మీద మ్యాపు చూపించి
ఈ టచ్‌లైన్ కింద ఏముందో చెప్పగలరా అన్నాడు.
ఒక బంతి ఉంది, అన్నాను.
నవ్వలేదు.
ఎన్నో సంవత్సరానిదని అడిగి
రాసుకున్నాడు.