చెప్పని సాక్ష్యం

ఆదివారం సాక్ష్యం చెప్పమన్నారు అయ్యగారు.
మైకు పట్టుకుని నిలబడ్డా.
డాక్టరు సీటొచ్చింది, దేవునికి స్తోత్రం అన్నా.
అంతే. అందరూ చప్పట్లు కొట్టారు.
చివరి చాప మీద నువ్వు మాత్రం
తల వంచుకుని గోళ్ళ సందుల్లో బురద గిల్లుకుంటా ఉన్నావు.

మిగతాది ఇక్కడ చెప్తా, నతానియేలూ,
ఇస్కపల్లి గుంట గట్టు మీద,
రేపు నేను నెల్లూరు బస్సెక్కే లోపల.

పెళ్ళయిన తొమ్మిదో రోజు ఈ షెడ్డుకొచ్చాం.
నలభై మేత బస్తాలు, ఒక మంచం,
మంచం కింద నా ఇంటర్ పుస్తకాలు.
ఇయ్యెందుకు తెచ్చుకున్నావు మే, అన్నావు.
పొయ్యి రాజేసేదానికి అన్నా, భయపడి.
నువ్వు నవ్వలా.
మర్నాడు అల్లూరు పోయి టేబుల్ లైటు తెచ్చావు.
టేబుల్ లేదు మనకి.
బోర్లించిన మందు డ్రమ్ము మీద పెట్టావు.

రాత్రంతా ఏరేటర్లు నీళ్ళని చిలికేవి.
ఆ మోతలో నా ప్రార్థన నాకే వినపడేది కాదు,
ఇంక పైనోడికేం వినపడుద్దనేవాడివి.
నేను మోకాళ్ళ మీదుంటే
నువ్వు టార్చి పట్టుకుని చెక్ ట్రే ఎత్తి చూసేవాడివి,
మేత తిన్నాయా, మిగిల్చాయా అని.
నీ వాటా ప్రార్థన కూడా నేనే చేసేదాన్ని,
కాస్త గర్వంగానే.

టెన్త్ తప్పినోడివి, నాకు ప్రశ్నలడిగేవాడివి.
మైటోకాండ్రియా నీ నోట్లో మైటో కండ్రిగ అయ్యేది,
గూడూరు పక్కన ఏదో ఊరైనట్టు.
ఆ ఊళ్ళో ఏం పండుద్ది అన్నా.
వెనక పేజీ తిప్పి చూసి, శక్తి, అన్నావు.

మొదటేడు రాలా. ముప్పై ఎనిమిది మార్కులు తక్కువ.
ఆ నెల్లోనే తెల్లమచ్చ తగిలి గుంటంతా తేలింది.
చచ్చిన రొయ్యల్ని వలతో తోడి, సున్నం చల్లి పూడ్చావు.
అత్తమ్మ ఉపవాసం ఉండమంది. మూడు రోజులున్నా.
దేవుని చిత్తం అన్నారు అయ్యగారు.
రొయ్యనీ నన్నూ ఒకే వారంలో ముంచేది
ఏం చిత్తమో నాకు అర్థం కాలా.
ఆ రాత్రి నుంచి ప్రార్థన మానేశా.
నీకు చెప్పలా.
పందొమ్మిది రోజులు ఊరికే మోకాళ్ళేసి
ఒకటి నుంచి రెండొందల దాకా లెక్కపెట్టి
లేచి పడుకునేదాన్ని.

ఇది మైకులో చెప్పే మాటేనా?

ఇరవయ్యో రాత్రి కరెంటు పోయింది.
అప్పు చేసి కొత్త పిల్ల వేసి వారం.
జనరేటరు ఎంత తిప్పినా పట్టలా.
నువ్వు లుంగీ ఎగ్గట్టి గుంటలో దిగి
చేతుల్తో నీళ్ళు కొట్టడం మొదలుపెట్టావు.
రెండెకరాల గుంట. రెండు చేతులు.
పిచ్చోడా, అని అరుస్తా నేనూ దిగా.

నడుముల్లోతు చీకటి. కళ్ళల్లో ఉప్పు.
ఏరేటర్లు ఆగిపోయున్నాయి కదా,
అప్పుడు వినపడింది, పెళ్ళయ్యాక మొదటిసారి.
దెబ్బకొక్కసారి, ఊపిరంత చిన్నగా,
ప్రభువా. ప్రభువా.
ఎన్నాళ్ళ నుంచి అంటున్నావో,
ఆ మోత కింద ఎన్ని రాత్రులు అన్నావో.
నేను లెక్క మర్చిపోయా.

నాలుగింటికి కరెంటొచ్చింది.
పిల్ల మన చేతుల వల్ల బతికిందో
దాని గట్టిదనం వల్ల బతికిందో నాకు తెలవదు.
పుస్తకంలో వెతకలా.
తడి గుడ్డల్తోనే లైటు వేసుకుని
వదిలేసిన పాఠం తీశా.

రెండోసారి పరీక్షలో నీ కండ్రిగ వచ్చింది.
నవ్వాపుకోలేకపోయా.
కాపలా మేడమ్ నా దగ్గరకొచ్చి నిలబడింది.

పెట్టె సర్దేశా. లైటు తీసుకుపోను,
జనరేటరు విప్పినప్పుడు నీకు పనికొస్తది.
హాస్టల్లో రాత్రి పది దాటితే
చీమ చిటుక్కుమనదంట.
నాకు నిద్ర పట్టదు, చూడు.
ఫోన్ చేస్తా.
ఏం మాట్లాడబాక.
గుంట వైపు తిప్పి పట్టుకో, చాలు.