తక్‌పట్టీ

ఏనుమాముల యార్డుల రాత్రి రెండు.
తేజ మిర్చి ఘాటుకు కాంటా కూడ తుమ్మేటట్టుంది.
దడ్వాయి తూగుతుండు.
తక్‌పట్టీ పుస్తకం కింద నా బాటనీ పుస్తకం.
పొద్దుగాల తొమ్మిదికి హన్మకొండల సప్లిమెంటరీ.

మొగిలన్న ఉల్లిగడ్డ నంజుకుంట రొట్టె తిన్నడు,
లేసి బస్తా వీపుకెత్తుకుండు.
పేజీ దిక్కు చూసి, ఆయన పిక్కల దిక్కు చూసిన.
ఆకుల గురించి రాసిన లెక్కే పిక్కలకు కూడనంట.

రొట్టె ఆడిదాక రొట్టెగ పోదు.
తునుకలు తునుకలై
రెండు కర్బనాల ముక్కై గేటు కాడ నిలవడుతది.
లోపల నాలుగు కర్బనాల పాతకాపొకడు ఎదురుచూస్తుంటడు.
కలిస్తే ఆరు. దానికి నిమ్మపులుపు పేరు.
ఆడికెల్లి తిరుగుడు షురూ.
ఒక మలుపుల ఒక కర్బనం గాలిల కలుస్తది,
ఇంకో మలుపుల ఇంకోటి.
మళ్ల నాలుగే మిగిలి, పాతకాపు పాత జాగలనే.

సారు బోర్డు మీద గీసిన్నాడు అనుకున్న,
ఇంత తిరిగి ఉన్నకాడికే వస్తె
ఏం మిగిలినట్టు?

మిగిలే రొక్కం ఒక్కటే.
కడమయన్ని చిట్టీలు.
మూడు పెద్దయి, ఒకటి జర తక్కువ ధరది.
చిట్టీ పైసలు కాదని మిర్చి రైతుకెరుక.
లోపలి పొర మీద, అడ్తి కౌంటర్ల కాడ,
ఎలక్ట్రాన్లు చేయి మారి, చేయి మారి
ఆఖరికి ఆక్సిజన్ సేటు అందుకుంటెనే
ఏటీపీ చేతికొస్తది, బస్తా లేస్తది.
సేటు రాకపోతె చిట్టీలు చిట్టీలే.
చక్రం ఆగుతది.
గందుకే మొగిలన్న లారీ పలక ఎక్కంగనె
నోరు తెరిచి గాలి గుంజుకుంటడు.

పేజీ అడుగున చిన్నక్షరాలల్ల ఇంకోటుంది.
మొదటి తిరుగుడుల బయటికి పోయేటివి
ఇప్పుడొచ్చిన కర్బనాలు కావంట.
ముందుగాల్నే ఉన్నయంట.
కొత్తయి కూసుంటయి, పాతయి లేసిపోతయి.
మొగిలన్న హమాలీ బిల్ల నలభై ఏడు.
అంతకుముందు అది ఆయన మామది.

"ఏం సదువుతున్నవ్ రా?"
"నీ గురించే."
"నా గురించి బుక్కుల ఏముంటదిరా!"
నవ్వి, దగ్గి,
హుఁ అని ఊపిరిడిసిండు.
అండ్ల ఏ పూట రొట్టె ఉన్నదో.

అరవై మూడో బస్తా.
నలభై కిలోల మూడు వందలు.
రాసిన.