ఏడుకీ ఏడుకీ మధ్య

దాని పేరు మియెల్. మా స్పానిష్‌లో తేనె అని.
గుప్పెడంత పిల్లగా ఉన్నప్పుడు పెట్టాను.
తొమ్మిదో ఏట డాక్టరమ్మ రక్తం కాగితం చూసి
ఇక తీపి తగలకూడదంది.
పేరు మాత్రం మార్చలేకపోయాను,
తోక ఊగేది ఆ పేరుకే.

వల్పరైసోలో ముప్పయ్యొక్క ఏళ్ళు ట్రాలీబస్సు నడిపాను,
పైన తీగ జారితే
ఉన్నచోటే ఆగిపోయే బండి.
ఇప్పుడు ఇంకో తీగ కింద ఉన్నాను:
పొద్దున ఏడు, సాయంత్రం ఏడు,
మెడ వెనక చర్మం పైకి లాగి, ఒక్క పోటు.

పోయిన ఫిబ్రవరిలో, మధ్యాహ్నం మూడింటికి
వీధిలో ఫోన్లన్నీ ఒకే గొంతుతో అరిచాయి.
యూకలిప్టస్ తోపు వైపు ఆకాశం
మాడిన ఇత్తడి గిన్నె అడుగు.
రోసాల్బా కుట్టుమిషను ఎత్తుకుంది.
ఎదురింటి ఎవరిస్తో పంజరం పట్టుకుని పరిగెత్తాడు,
చిలకను ఎప్పుడో వదిలేశానన్న సంగతి మరిచి.
నేను కుక్కను ఎత్తుకున్నాను, పద్దెనిమిది కిలోలు.
మందు ఫ్రిజ్‌లో ఉండిపోయింది
వెన్న డబ్బా పక్కన, చల్లగా, బుద్ధిగా.

ఆ రాత్రి బడి వ్యాయామశాలలో పరుపులు పరిచారు.
మియెల్ నీళ్ళు తాగింది, తాగింది,
బకెట్ అడుగు నాకింది,
బాస్కెట్‌బాల్ గీతల మీద పోసింది.
ఎవరూ ఒక్క మాట అనలేదు,
పరుపులు కాస్త అటు జరుపుకున్నారు, అంతే.
ఏ జాములోనో ఒకావిడ వచ్చి
తన సంచిలోంచి తన సీసా తీసిచ్చింది:
నాదీ అదే జబ్బు, తీసుకో.

చొక్కా జేబులో ఒక సూది దొరికింది.
ఆమె సీసా మీద నూరు.
కుక్క సూది మీద నలభై.
బతుకంతా చిల్లర లెక్కపెట్టిన వేళ్ళు
ఆ చిన్న లెక్క దగ్గర వణికాయి.
తక్కువైతే దాహం, ఎక్కువైతే మట్టి.
గుచ్చలేదు.
ఒక చేతిలో సీసా, ఒక చేతిలో సూది,
తెల్లారేదాకా అలాగే కూర్చున్నాను.

బతికింది. కళ్ళకు మాత్రం పాలపొర కమ్మింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారు.
ఈ ఏడు ముందే కోసుకొచ్చాను ఆకులు:
నహుయెల్ ఇచ్చిన పాత బడిసంచి, మీద రంగు పోయిన డైనోసార్.
సూదులు. నలభైవే, రెండుసార్లు చూశాను.
వాడిన సూదులకు మూత బిగిసే సీసా.
ఒక్కో పూటకు తూచి కట్టిన తిండి పొట్లాలు.
థర్మాస్, తడి తువ్వాలు.
మందు చల్లగా ఉండాలి కానీ మంచు తగలకూడదు,
కోపం ఎక్కువున్న అత్తగారిలా దానికి అన్నీ మధ్యస్తంగా జరగాలి.
పెద్దక్షరాల కాగితం: ఎంత, ఎప్పుడు, ఎక్కడ గుచ్చాలి,
నేను ఇంట్లో లేనప్పుడు
నిప్పు వస్తే ఎలా అని.

అందుకే రోసాల్బా మనవడికి నేర్పుతున్నాను.
పదకొండేళ్ళ నహుయెల్ వారం నుంచీ
నారింజకు నీళ్ళు ఎక్కిస్తున్నాడు.
నిన్న అది ఉబ్బి బల్ల మీద కారింది.
దీనికి ఇక షుగరు రాదు తాతా, అన్నాడు.
నవ్వాను. తర్వాత నవ్వు ఆగలేదు,
ఎందుకో కళ్ళు తుడుచుకున్నాను.

ఆఖరున ఒక బుల్లి సీసా పెట్టాను.
చక్కెర పడిపోయి కాళ్ళు తడబడితే
చిగుళ్ళకు రుద్దడానికి తేనె.
మూడేళ్ళుగా ఈ గడప తొక్కనివ్వని వస్తువు.
సీసా మీద మియెల్ అని రాశాను.
సంచి మీదా మియెల్ అనే ఉంది.
ఏది ఎవరు తాతా, అని అడిగాడు వాడు.
నాకు తెలిస్తే కదా.

సంచి తలుపు పక్క మేకుకు వేలాడుతోంది.
మందు అందులో లేదు, అది ఫ్రిజ్‌లోనే ఉండాలి.
అందుకని సంచి పట్టీకి ఎర్ర గుడ్డ కట్టాను:
పరిగెత్తే చెయ్యి ఒక్క క్షణం తట్టుకోవాలని.

గాలి మళ్ళీ తోపు వైపు నుంచే.
గోడకు తడుముకుంటూ మియెల్ వంటింట్లోకి వచ్చింది,
ఫ్రిజ్ ముందు కూర్చుని మెడ వంచింది.
గడియారం చూశాను.
ఏడుకి ఇంకా రెండు నిమిషాలుంది.