అనుబంధం-3 జతపరచలేదు

నంబూరు నుంచి షేర్ ఆటోలో
ఒళ్ళో ఫైలు, ఫైలు మీద టిఫిను డబ్బా.
ఇది తొమ్మిదోసారి.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగింది,
ఆటోలో ఆరుగురం ఒక్కసారే తుమ్మాం.
గుంటూరు పలకరింపు అట్లాగే ఉంటుంది.

నేనడిగింది పెద్ద కోరికేం కాదు.
పాపికొండల్లో ఒక వాగు పక్కన
బొటనవేలి గోరంత కప్ప ఉంది.
తొలకరి పడ్డాక పదకొండు రాత్రులు అరుస్తుంది, అంతే.
తర్వాత ఏడాదంతా ఎక్కడుంటుందో
దానికి తప్ప ఎవరికీ తెలీదు.
ఆ పదకొండు రాత్రులూ పక్కన కూర్చుని
వింటాను, రాసుకుంటాను, వచ్చేస్తాను
అని వినయంగా, మూడు ప్రతుల్లో రాశాను.

జనవరిలో అడిగారు: మొత్తం కప్పలెన్ని?
లెక్కపెట్టడానికే వెళ్తానండీ అన్నాను.
లెక్క చెబితేనే పంపుతామన్నారు.
మార్చిలో: ఆ జాతి పేరేమిటి?
ఇంకా పేరు లేదండీ, అందుకే కదా.
పేరు లేనిదానికి ఏ పేరున అనుమతివ్వాలి?
న్యాయమైన ప్రశ్నే.
ఆ రాత్రి హాస్టల్ మేడ మీద చాలాసేపు దాన్నే తిప్పి తిప్పి చూశాను.
ఏప్రిల్లో పెద్దసారుకి బదిలీ.
మేలో కొత్తసారు మొదటి పేజీ నుంచి మొదలుపెట్టారు.
ఈరోజు: అనుబంధం-3 జతపరచలేదు.

సీట్లో మీరావలి గారు.
ముప్పై ఏళ్ళుగా అడవంతా ఆయన టేబుల్ మీదుగానే వెళ్తోంది.
ఆయన మాత్రం అడవికి ఒక్కసారే వెళ్ళారట,
అదీ లాంచీలో, పెళ్ళివారితో.
నా మొహంలో ఏం కనబడిందో
లేచి, బీరువా తెరిచి, పాత ఫైలొకటి నా ముందు పెట్టారు.
"ఇదీ మీలాంటి ఉత్తరమేనమ్మా. ఇదే వినయం.
సంతకం ముందు డాక్టరు అని కూడా ఉంది.
అనుమతి నా చేత్తోనే టైపు చేశాను.
చెక్‌పోస్టులో సూట్‌కేసు తెరిస్తే
మేజోళ్ళలో చుట్టిన తాబేళ్ళు, నలభై రెండు.
బతికినవి తొమ్మిది."
ఫైలు మూసి, అట్ట మీద దుమ్ము తన రుమాలుతోనే తుడిచారు.
"అప్పట్నుంచీ ప్రతి కామా చదువుతాను."

ఏమనాలో తోచక వరండాలోకొచ్చాను.
ఆరవుతోంది. ట్యూబులైటు పక్కన బల్లి.
దీన్ని చూడ్డానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు కదా
అనుకుంటున్నాను, ఫోను మోగింది.
పల్లాల సోమిరెడ్డి.
దరఖాస్తులో 'స్థానిక సహాయకుడు'.
వాగొడ్డున సిగ్నలందే ఒకే ఒక్క రాయి ఎక్కి ఉంటాడు.
"అమ్మా, వాన పడింది. మబ్బుకి చీకటైపోయింది.
మొదలెట్టినయి."
ఫోను అటు చాపాడు.

ముందు వాన.
వాన వెనక వాగు.
వాగు వెనక
గాజులు ఒకదానికొకటి తగిలినట్టు,
ముంతలో ఎవరో ఒక్కో బిళ్ళా వేస్తున్నట్టు,
కాదు,
దేనిలాగానూ కాదు.

ఎప్పుడు లోపలికి నడిచానో, ఎప్పుడు స్పీకరు నొక్కానో!
ఫ్యాను కింద కాగితాలు ఆగలేదు గానీ
టైపు చేసే అమ్మాయి ఆగింది.
మీరావలి గారు కళ్ళద్దాలు తీశారు,
వినడానికి అవి అడ్డమైనట్టు.
"ఏంటమ్మా అది?"
"మూడో పేరాలో ఉందండీ."

తర్వాత ఎవరూ మాట్లాడలేదు.
సిగ్నలు పోయింది.
ఆయన అద్దాలు పెట్టుకుని, కాస్త ఆగి,
"వినడానికి రూలేం లేదు" అన్నారు,
"ఫైల్లో పెట్టడానికే లేదు."
సొరుగులోంచి ఖాళీ ఫారమొకటి తీసి నావైపు తోశారు.
"రేపు పొద్దున సారు బల్ల మీద ఉంటుంది.
సంతకం ఎప్పుడో నేను చెప్పలేను."

పదకొండులో ఒకటి ఇక్కడే అయిపోయింది.

'కట్టెపోగు సునీల అను నేను
సదరు అడవి నుంచి ఏ రూపంలోనూ
ఏమీ వెంట తీసుకురానని...'
చుక్కల గీత దాకా వచ్చాను.
పెన్ను ఆగింది.

చెవిలో అవి ఇంకా ఆగలేదు.