మెల్లగా తిప్పు

ఆదివారం సాయంత్రం, జోడుగుళ్ళపాలెం.
కోనాం ముక్కలు కారం పట్టించుకుని
పళ్ళెంలో బారుగా పడుకున్నాయి.
ప్లాస్టిక్ కుర్చీల్లో పదకొండుమంది.
గ్రిల్ ఒక్కటే
చెయ్యి పెట్టినా కాలనంత పెద్దమనిషి.

"గేసు రాట్నేదు మావా. నిండు బండే.
పొద్దున్నే దింపీసి ఎల్లాడు."
పోలమ్మ కబురు.

షిప్‌యార్డులో ముప్ఫయ్యొక్క ఏళ్ళు
వాల్వులు బిగించి విప్పినవాణ్ణి.
రిటైరయ్యాక మా వీధికి కుళాయిల డాక్టర్ని.
స్పానరు లుంగీలో దోపుకుని
ఇసకలోకి దిగాను.

ముందు నీలం బండ ఎత్తి చూశాను.
నిండుదేనని నడుం చెప్పింది.
(ఇంకా చాలా చెప్పింది, అది వేరే సంగతి.)
అయినా చెంబుడు వేడినీళ్ళు పోసి
అరచేత్తో తడిమితే
భుజం దాకా చల్లన.

ట్యూబు మడతపడిందా, లేదు.
వాషరుందా, ఉంది, కొత్తది.
అతుకు అతుక్కీ సబ్బు నురగ పూశాను.
ఒక్క బుడగ లేవలేదు.
సంతోషించాలో ఏడవాలో తెలీలేదు:
పారితే కదా, కారేది!

పిన్నీసుతో జెట్టు పొడిచాను.
గుప్పెడు తుప్పు, ఒక సాలెగూడు,
కాపురమున్న సాలీడు కూడా రాలాయి.
సముద్రం పక్కన ఇనుముకి
ఆయుష్షు ఎప్పుడూ చేబదులే.

మంట మాత్రం లేదు.

అప్పుడు ఎవరో ముక్కు ఎగబీల్చి
"గ్యాస్ వాసనొస్తోందా?" అన్నారు.

కుర్చీలన్నీ ఒక్కసారి ఊరుకున్నాయి.
ఈ ఊళ్ళో ఆ మాట గట్టిగా అనకూడదు.
ఒక మే నెల తెల్లవారుజాము
కొందరి ముక్కుల్లోంచి ఇంకా పోలేదు.
చివరి కుర్చీలో పెద్దావిడ
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.
"రావట్లేదమ్మా, అదే మా బాధ" అన్నాను.
ఎవరూ నవ్వలేదు.

వంగి మళ్ళీ చూస్తే, రెగ్యులేటరు మనది కాదు.
బదిలీ మీద కొచ్చి వెళ్తూ నేవీ ఆఫీసరు
గ్రిల్‌తో పాటే అమ్మేసింది.
దాని లోపల బఠాణీ అంత గుండు ఒకటుంటుంది.
గ్యాసు ఒక్కుమ్మడిగా దూకిందంటే
ట్యూబు తెగిపోయిందేమోనని
దారికడ్డంగా తానే పడిపోతుంది.

"బండ తిప్పిందెవరే?"
"నేనే తాతా," నీలవేణి, పోలమ్మ కూతురు.
"గ్రిల్ నాబులు ముందే తిప్పీసి,
బండ ఒక్క గుంజుకి...
జనం ఎక్కువైపోనారని."

తొందర పిల్లది. భయం గుండుది.
మధ్యలో నేను, గంటసేపు స్పానరుతో.

"నాబులు కట్టీ. బండ కట్టీ.
రెగ్యులేటరు విప్పీసి కూకో."
"కూకోటమేటి మావా, జనం ఎల్లిపోతారు!"
"ఎల్లనీ."

ఇద్దరు వెళ్ళిపోయారు నిజంగానే.
పోలమ్మ నన్ను చూసిన చూపు
చేప కడుపు కోసే కత్తి.
దూరంగా నీళ్ళ మీద ఓడలు నాలుగు
దీపాలు పెట్టుకుని నిలబడ్డాయి
రేవు పిలిచేదాకా.
వాటినెవరూ తిట్టరు.

ఆ తర్వాత మళ్ళీ బిగించి
గ్రిల్ మూత ఎత్తి పెట్టి
"ఇప్పుడు తిప్పు. మెల్లగా" అన్నాను.
"ఇంకా మెల్లగా," ఈసారి పోలమ్మే అంది,
"నువ్వు నిద్దరోయాక నీ నోట్లోంచి
సన్ను తీసీదాన్ని, అలాగ."
పిల్ల సిగ్గుపడి, తిప్పింది.

లోపలెక్కడో చిన్న బుస.
నాబు కొంచెం. లైటరు టక్కు.
ఒక రంధ్రం, పక్క రంధ్రం, ఆ పక్కది,
నీలంగా ఒకదాన్నొకటి లేపుకుంటూ పోయాయి.

చివరి కుర్చీలో కొంగు
ఇంకాసేపు అలాగే ఉంది.
మొదటి ముక్క చుయ్యిమన్నాక
అటు చూడకుండానే దించి
"నాకు రెండు," అంది పెద్దావిడ,
"బాగా కాలనీ."