వెనక్కెళ్తేనే

పెదజాలారిపేట ఇసకలో నా జీపుకి పని
తెల్లారకముందే మొదలవుతుంది.
నాలుగు చక్రాలూ తిరిగే పాత బండి.
వేలంలో కొన్నప్పుడు దాని తలుపు మీద
ఏదో శాఖ పేరు సగం గీకేసి ఉంది.
పడవ అలల్లోంచి వస్తుంది, నేను వెనక్కి వెళ్తాను,
సోములు కొక్కెం తగిలిస్తాడు,
ముందుకి లాగుతాను. అంతే నా ఉద్యోగం.
పడవకి రెండొందలు. వల నిండిన రోజున
నాలుగు కానాగంతలు అదనం.

వెనకున్న ఒక్క దీపమూ
ఉప్పుగాలికి కామెర్ల కన్నులా పసుపెక్కింది.
నేను చూసేది అద్దంలో కాదు, సోములు గొంతులో:
"రా, రా, రా, ఇంకా రా... ఆగు!"
పోయిన కార్తీకంలో ఓ రాత్రి
ఆ "ఆగు" అల కింద పడిపోయింది.

ఎడమకాలి బొటనవేలు.

కేజీహెచ్‌లో కుట్లేసిన కుర్రడాక్టరు
"మిగతా తొమ్మిదీ భద్రం" అన్నాడు.
సోములు నవ్వాడు. నాకు రాలేదు.

మర్నాడే డాబాగార్డెన్స్‌లో బారెడు లైటు కొని
బండి నెత్తిన వెనక్కి తిప్పి బిగించాను,
స్టీరింగు కింద ఓ మీట.
నొక్కితే సముద్రానికి పట్టపగలు.
గొప్పగానే ఉంది,
ఆ మీట ఆపడం మరిచి బీచిరోడ్డు ఎక్కిన రోజు వరకూ.
వెనక స్కూటరు మీదొస్తున్న పాలాయన
కళ్ళు మూసుకుని డివైడరు ఎక్కేశాడు.
పాలు పారాయి, మనిషికేం కాలేదు.
తిట్టలేదు నన్ను. అదే తినేసింది.
"రెండు కళ్ళూ తెల్లగా అయిపోయాయి బాబూ"
అన్నాడు, అంతే.

ఆటోనగర్‌లో ఎర్రినాయుడు కొట్టు.
టెస్టర్ని చెవి మీద బీడీలా పెట్టుకునే మనిషి.
నా బారెడు లైటుని కిందికి దించి
"ఇది పెళ్ళూరేగింపుకి పనికొస్తాది" అన్నాడు.
మీటని పట్టకారతో తుంచి నా చేతిలో పెట్టాడు.
"ఎనక దీపానికి మీటేటి?
గేరు ఎనక్కేస్తేనే ఎలగాల, తీస్తే ఆరిపోవాల.
తెల్లదే. ఎర్రదీ నీలందీ నా కొట్లో అడక్కు.
నేలకేసి సూడాల, ఎనకొచ్చినోడి మొకంలోకి కాదు.
అలగైతే బ్రేకు ఇనస్పెట్రు ముందు నేనే నిలబడతాను."

గేరుపెట్టె దగ్గర నుంచి సన్నటి తీగ ఒకటి,
రిలేని తట్టి లేపడానికి మాత్రమే.
అసలు కరెంటు బ్యాటరీ నుంచి, మధ్యలో ఫ్యూజు.
"సన్నోడు ఆర్డరేస్తాడు, లావోడు మోస్తాడు"
అని తనే నవ్వుకున్నాడు.
బంపరు కింద అరచెయ్యంత దీపాలు రెండు,
ఉప్పునీరు దూరకుండా రబ్బరు పట్టీ, పైన గ్రీజు.
గోడకి సుద్దతో గీత గీసి
వెలుగు దాని పైకి ఎక్కకుండా
మూడుసార్లు మర వదులు చేసి
మూడుసార్లు బిగించాడు.

ఇన్‌స్పెక్టరు గేరు వెయ్యమన్నాడు, తియ్యమన్నాడు.
మళ్ళీ వెయ్యమన్నాడు.
స్టీరింగు కిందికి వంగి మీట కోసం తడిమాడు.
దొరకలేదు. మొహంలో
కొంచెం నిరాశ కూడా కనిపించింది నాకు.

ఇవాళ నాలుగింటికి
గేరు వెనక్కి వేశాను. ఎక్కడో టిక్కుమంది.
తడి ఇసక మీద రెండు తెల్లచాపలు పరుచుకున్నాయి.
ఎండ్రకాయలు గాభరాగా బొరియల్లోకి.
ఆ వెలుగులో సోములు మోకాళ్ళ దాకానే ఉన్నాడు,
మిగతా సోములు చీకట్లో.
"కళ్ళకి కొడతందా?"
"లేదు. నా కాళ్ళు నీకు అవుపడతన్నాయా?"

లెక్కపెట్టాను. ఒకటి, రెండు...
తొమ్మిది.

కొక్కెం పడింది. మొదటి గేరు.
వెనకంతా ఆరిపోయింది,
తాడు బిగుసుకుంటున్న చప్పుడు తప్ప.