పచ్చి కొమ్ము

పర్లాకిమిడిలో మా సందుకి వాసనే గుర్తు,
జుట్టు అంటుకున్నట్టు కాలే కొమ్ము వాసన.
నలభై ఏళ్లు నేలమీద గొంతుక్కూర్చుని
దున్నకొమ్ములోంచి రొయ్యల్ని తీశాను
మీసాలతో సహా.

తుంటి అరిగిపోయింది.
బరంపురంలో కొత్తది వేశారు, ఇనుముదో మరేటిదో.
నెల తిరక్కుండా మహేంద్రతనయ వంతెన దాకా నడిచొస్తే
కుంతల సందంతా మిఠాయి పంచింది.

మూడో నెలనుంచి కాలు మడతపడ్డం మానేసింది.
చెప్పు తొడగాలంటే కుంతల వంగాలి,
గోరు తియ్యాలన్నా కుంతలే.
పనిపీట ముందు కూర్చోబోతే
లోపల ఎవరో గడియ పెట్టుకున్నట్టు.

పాత్రో డాక్టరు ఫిల్ముని దీపానికి పట్టి
సగం ఒడియా, సగం మన మాట:
"హాడొ. కండలో ఎముక పుట్టింది. పుట్టకూడని చోట."
చూశాను. ఇనుప మెడ చుట్టూ
తెల్లటి మబ్బు, అంచులింకా తేలలేదు.
ఎవడి ఉలి ఇది, నన్నడక్కుండా?

కొమ్ము సంగతి నాకు తెలుసు.
నిప్పు చూస్తే మెత్తబడుతుంది,
నూనె రాస్తే మాట వింటుంది,
ఏ వంపు అడిగితే ఆ వంపు.
ఎముకకి ఆ మర్యాద లేదు.
ప్రతి కొమ్ము కడుపులోనూ ఒక ఎముక ఉంటుంది,
దాన్ని ఊడబీకి పెరట్లోకి విసిరేసిన చేతులివి.
అన్నీ కూడబలుక్కుని నా తుంటిలోకి వచ్చాయేమోనని
ఒక రాత్రి అనుకున్నాను.
తెల్లారాక సిగ్గేసింది.

"కోసెయ్యండి బాబూ" అన్నాను.
"ఇప్పుడు కాదు. పచ్చిగా ఉంది.
ఇప్పుడు కోస్తే మళ్లీ మొలుస్తుంది, ఇంకా మొండిగా.
ఏడాది ఆగు. ముదరనీ."

ఆ మాట ఆయన చదువుకున్నాడు.
మా నాన్న నాకు చెంపదెబ్బతో చెప్పాడు,
పచ్చి కొమ్ము మీద ఉలి పెట్టకురా,
ఆరాక పగిలి నిన్ను చూసి నవ్వుద్ది.

ఆగుతున్నాను.
వడ్రంగి దండాసి పీటకి పొడుగు కాళ్లు బిగించాడు.
నిలబడే చెక్కుతున్నాను గాని
రొయ్యలు కాస్త బిర్రబిగుసుకొస్తున్నాయి,
నడుం దగ్గర ఆ వంపు కుదరటం లేదు.
భువనేశ్వరం బేరగాడు కనిపెట్టలేదు. డబ్బిచ్చాడు.

ఫిల్ము కిటికీ ఊచకి వేలాడుతోంది.
పక్కింటి టుకున ఎండకి అడ్డంగా తల వంచి చూసి
"తాతా, ఇది ఏ జంతువు కొమ్ము?"

"నాదేరా" అన్నాను.
"ముట్టుకోకు. ఇంకా ఆరలేదు."